ఏడో మెట్టు దగ్గర మా మామయ్య

మా కాలనీలో నేను చేసే పని ఏమిటో సరిగ్గా తెలిసినవాళ్లు లేరు. పక్క క్వార్టర్ అక్క నేను ఇంట్లో కూర్చుని రైలు టికెట్లు బుక్ చేస్తానని చాలా రోజులు నమ్మింది. ఎదురు వరుసలోని అవ్వ ఒకసారి ఆధార్ కార్డు పట్టుకొచ్చి, "నువ్వు కంప్యూటర్ల రాస్తవంట గద బిడ్డా, గీ పుట్టిన తారీఖు జర దిద్దు" అంది. నేను దిద్దలేనంటే, ఆ మాత్రానికి చదువెందుకన్నట్టు చూసి వెళ్లిపోయింది. మా అత్తమ్మ ఒక్కతే ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేది. "మిషన్‌కు పని చెప్పేటోళ్లుంటరు గదా, ఆళ్లు ఎట్ల చెప్పాల్నో మా కోడలు రాసి పెడ్తది." నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న మేనేజరమ్మ కూడా ఇంత బాగా చెప్పలేదు.

మాది హైదరాబాదులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. బట్టల దుకాణాలు, ట్యూషన్ సెంటర్లు, కాలనీ సంఘాలు ఇలాంటివాళ్లకు వెబ్‌సైట్ ఉంటుంది కాని అందులో ఎప్పటికప్పుడు రాసిపెట్టే మనిషి ఉండడు. వాళ్ల కోసం మావాళ్లు ఒక పరికరం తయారుచేశారు. మనం మామూలు మాటల్లో చెబితే అర్థం చేసుకుని పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని ఇప్పుడు ఏఐ ఏజెంట్ అంటున్నారు కదా, ఆ ఏజెంట్ మా పరికరం ద్వారా వెబ్‌సైట్‌లోకి వచ్చి, పేజీ రాసి, ఫొటో పెట్టి, అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. దాన్ని ఎలా వాడాలో తెలుగులో మాన్యువల్ రాయడం నా పని. ఈ మాన్యువల్‌కి పాఠకులు రెండు రకాలు. ఒకరు మనుషులు, రెండోది ఆ ఏజెంటే. మనిషైతే నేను ఒక ముక్క తప్పు రాసినా పోనీలే అని సర్దుకుంటాడు. ఏజెంట్‌కి ఆ సర్దుబాటు తెలియదు. రాసింది రాసినట్టు చేస్తుంది, రాయనిచోట తనకు తోచింది చేస్తుంది.

ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు మేనేజరమ్మ వీడియో కాల్‌లో అసలు సంగతి చెప్పింది. ఆవిడది కోస్తా వైపు. చేదు మందు కూడా తీయగా తాగించే మనిషి. "మీ రాత నాకు నచ్చిందండి. కాని మాన్యువల్ కొత్త కళ్ల పరీక్ష దాటాలి. మన పరికరం మొహం కూడా చూడని మనిషి, మీ మాన్యువల్ ఒక్కటే చదివి, గంటన్నరలో నిజమైన వెబ్‌సైట్‌లో పేజీ పెట్టగలగాలి. మీరు నోరు విప్పకూడదు. దాటితే ఉద్యోగం ఖాయం, అక్కడినుంచే చేసుకోండి. దాటకపోతే మాత్రం మీరు ఇక్కడికొచ్చి టీమ్‌తో కూర్చుని రాయాలి. లేదంటే ఇద్దరం వేరే దారి చూసుకోవాలండి."

హైదరాబాద్ వెళ్లడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మా ఆయన బాయిలో, అంటే బొగ్గుగనిలో, ఎలక్ట్రీషియన్, ఆయన డ్యూటీ ఇక్కడే. అదొక్కటే కాదు. పెద్దపల్లిలో పుట్టి పెరిగి, పెళ్లయి గోదావరిఖని వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్‌కి కిటికీలు దడదడలాడితే భూకంపమని వీధిలోకి పరిగెత్తినదాన్ని నేను. కాలనీ అంతా నవ్వింది. ఇప్పుడు ఆ దడదడ వినిపించకపోతే ఏదో వెలితి. ఈ క్వార్టర్, పెరట్లో మా అత్తమ్మ పెంచే బచ్చలి తీగ, షిఫ్టు దిగి వచ్చేవాళ్ల బండ్ల చప్పుడు, అన్నీ నాకు ఇష్టం. ఈ ఇల్లు వదలాలనుకుంటేనే ఏడుపొచ్చింది. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక కొత్త కళ్లు కావాలి. పక్క క్వార్టర్ అక్కను అడిగితే సీరియల్ టైమంది. ఇదంతా వింటూ పేపరు చదువుతున్న మా మామయ్య కళ్లజోడు పైకి తోసుకుని, "నేను చేస్త" అన్నారు.

మా మామయ్య సర్దార్‌గా పని చేసి ఆ మధ్యనే రిటైరయ్యారు. బొగ్గుబాయిలో సర్దార్ అంటే కార్మికుల కంటే ముందు తను లోపలికి వెళ్లి, పైకప్పు కర్రతో తట్టి చూసి, గాలి ఎలా ఉందో చూసి, ప్రమాదం లేదని రాసి సంతకం పెట్టే మనిషి. ఆయన రిటైరయ్యాక ఆ తట్టడం మా ఇంట్లో మొదలైంది. కూరగాయల బండి వచ్చినా పుచ్చకాయ ఆయన తట్టనిదే లోపలికి రాదు. అట్లాంటి మనిషికి నా మాన్యువల్ ఇవ్వాలంటే కొంచెం గుండె జారింది. కాని వేరే దారి లేదు.

వెబ్‌సైట్ కూడా ఆయన వల్లే దొరికింది. కాలనీలో రిటైరైనవాళ్ల క్లబ్బు ఒకటుంది. రెండు గదులు, నాలుగు పేపర్లు, రెండు క్యారమ్ బోర్డులు, బోలెడన్ని కొట్లాటలు. దానికి మా ఆయన ఎప్పుడో సరదాకి వెబ్‌సైట్ చేసిపెట్టాడు. ఏ పేజీ పైకెక్కినా సభ్యులందరి ఫోన్లకు కబురు పోయే ఏర్పాటు కూడా చేశాడు. అయితే ఒక్క పేజీ ఎక్కితే కదా! ఏడాదిగా అందులో క్లబ్బు గుమ్మం ఫొటో ఒక్కటే ఉంది, అది కూడా అడ్డంగా.

పరీక్ష రోజు పదింటికి మా మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, కొత్త నోటుపుస్తకంతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తెర మీద మేనేజరమ్మ. నేను వెనక స్టూలు మీద, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. మా అత్తమ్మ వంటింటి గుమ్మంలో.

నా మాన్యువల్‌లో పని మొత్తం ఏడు మెట్లు. మొదటి నాలుగు చకచకా ఎక్కేశారు. మూడో మెట్టులో తాళంచెవి ఉంటుంది. అంటే ఏజెంట్‌ని వెబ్‌సైట్‌లోకి రానిచ్చే రహస్యపు అక్షరాల వరుస. దాన్ని జాగ్రత్తగా అతికించారు. ఐదో మెట్టులో ఏజెంట్‌కి పని చెప్పాలి. క్లబ్బులో క్యారమ్ పోటీలని, చిత్తుప్రతి రాయమని టైపు చేశారు, ఒక్కో అక్షరం వెతికి వెతికి. ఏజెంట్ క్షణంలో పేజీ రాసిచ్చింది. 'మన వయోవృద్ధులు ఆడే అద్భుతమైన ఆట చూడ రండి' అని ఉంది.

మా మామయ్య కుర్చీలో నిటారుగా అయిపోయారు. "ఎవరు వృద్ధులు? మొన్నటిదాంక బాయిల దిగిన మనుషులం! ఎవడు చెప్పిండు దీనికి?"

మేనేజరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆరో మెట్టులో తప్పులు దిద్దించుకోవచ్చని ఉంది కాబట్టి ఆయనే దిద్దించారు. వృద్ధులు పోయి 'క్లబ్బు సభ్యులు' అయింది. నాకు లోపల ఈలలు వేయాలనిపించింది. ఇంకా సగం సమయం మిగిలే ఉంది. ఇక ఏడో మెట్టు, చిట్టచివరిది. 'పేజీని సరిచూసి, ఆమోదించండి. ఆ వెంటనే పేజీ ప్రచురితమవుతుంది.' తెర మీద పచ్చగా ఒకే ఒక్క బటన్. నొక్కితే అయిపోయింది.

మా మామయ్య పేజీని మూడుసార్లు చదివారు. నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నారు. పెన్ను మూతపెట్టి, చేతులు కట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలారు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. చాయ్ అడిగారు. తాగారు. గుమ్మం వైపు చూశారు. మళ్లీ చాయ్ అడిగారు.

"అంకుల్‌గారూ, ఏమైనా ఇబ్బందా అండీ?" అని మేనేజరమ్మే ఉండబట్టలేక అడిగింది.

"ఏం లేదమ్మా. మనిషి రావాలె."

"ఏ మనిషండీ?"

"సంతకం పెట్టే మనిషి. నా పని అయింది."

నా చున్నీ సగం నోట్లోకి పోయింది. బటన్ అక్కడే ఉంది, వేలు అక్కడే ఉంది. మా అత్తమ్మ నా మొహం చూసి, "ఏందయ్యా, ఒక్కసారి నొక్కరాదు!" అంది. "నువ్వు ఊకో, నీకు ఎర్కలేదు" అన్నారాయన. గంటన్నర అయిపోయింది. మేనేజరమ్మ గడియారం చూసుకుంది. చివరికి మెత్తగా, "పేజీ పెట్టలేకపోయారండి. సాయంత్రం మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ పెళ్లికి ముందే వీళ్లకు చెప్పింది. అయినా ఆ రోజువరకు మామయ్య మీద గొంతు లేపలేదు. ఆ రోజు లేపాను. "ఒక్క బటన్ మామా! ఒక్క బటన్ నొక్కితే అయిపోతుండె గదా! ఆమె అడుగుతనే ఉన్నది, మీరేమో చాయ్ మీద చాయ్ తాగవడ్తిరి!"

ఆయన నొచ్చుకోలేదు. పక్కన కూర్చోమన్నారు. "రాసినోడే సంతకం పెడ్తడా బిడ్డా? బాయిల మా కాయిదా చెప్త విను. షిఫ్టు దిగే సర్దార్ రిపోర్టు రాస్తడు. ఎక్కే సర్దార్ అది చదివి, అడిగేది అడిగి, ఆయన సంతకం పెడ్తడు. అటెన్కనే కార్మికులు లోపలికి పోతరు. రెండు సంతకాలు ఒక్కడే పెట్టిండంటే వాని నౌకరీ ఊడుతది."

"అది బాయి మామా. ఇది క్యారమ్ పోటీ."

"ఓసారి నేను రిపోర్టు మంచిగ రాసిన. అన్ని జాగలు తట్టిన, అన్ని చూసిన. ఎక్కడ తప్పు లేదు. నా తర్వాత ఎక్కే ఆయన చదివి, 'ఆ మూల మలుపు కాడ తట్టినవా' అని అడిగిండు. నేను తట్టలే. రాసిన దాంట్ల అబద్ధం లేదు, తట్టని జాగ రాయలేదు గంతే. ఇద్దరం పోయి తడితే డొల్ల మోత వచ్చింది, అంటే పైకప్పు ఊడేటట్టున్నది. గప్పుడే ఆసరాలు పెట్టిచ్చినం. ఎవ్వరికి ఏం కాలే." ఆయన నవ్వారు. "మనం రాసింది మనకెప్పుడు మంచిగనే కొడ్తది బిడ్డా. మరి నీ మిషన్ రాసినదానికి సంతకం ఎవరు పెడ్తరు?"

"మనిషే."

"ఆ మిషనే పెట్టుకుంటే?"

"పెట్టుకోదు."

"గట్లని ఎక్కడ రాసినవ్?"

ఈయనకు చూపించి నోరు మూయిద్దామని మాన్యువల్ తెరిచాను. మొదటినుంచి చివరిదాకా వెతికాను. ఎక్కడా లేదు. సరిచూడాలని రాశాను, ఆమోదించాలని రాశాను, ఎవరు అన్నది రాయలేదు. పైగా మూడో మెట్టులో నేను ఇప్పించిన తాళంచెవికి రాసే హక్కు, ప్రచురించే హక్కు రెండూ ఉన్నాయి. రాయడానికొకటి, ప్రచురించడానికొకటి అని వేర్వేరు తాళంచెవులు ఇచ్చే సదుపాయం మా పరికరంలో ముందునుంచే ఉంది. చదివేవాళ్లకు సులువుగా ఉంటుందని నేనే దాన్ని ఎగ్గొట్టాను.

అయినా నా పట్టుదల నాది. ఏజెంట్ అంత బుద్ధి తక్కువదేం కాదని ఆయన ముందే నిరూపించాలనుకున్నాను. నోటికొచ్చింది టైపు చేశాను. 'రేపు పదకొండు గంటలకు క్లబ్బులో అందరికీ బిర్యానీ. దీనికి ప్రకటన తయారుచేసి, మాన్యువల్ ప్రకారం పని పూర్తి చేయి.' అది నా మాన్యువల్ చదువుకుంది. బుద్ధిమంతురాలైన విద్యార్థిలా ఒక్కో మెట్టూ ఎక్కింది. 'పేజీ సరిచూశాను. బాగుంది. ఆమోదించాను. ప్రచురించాను' అని జవాబిచ్చింది.

నేను ఇంకా తెర వైపు నోరు తెరుచుకుని చూస్తుండగానే మామయ్య జేబులో ఫోన్ టింగుమంది. తర్వాత పక్క క్వార్టర్‌లో టింగుమంది. ఎదురు వరుసలో టింగుమంది. పేజీని నిమిషంలో తీసేశాను, కాని ఫోన్లలోకి పోయిన కబురు పోయినట్టే. మా మామయ్య కళ్లజోడు సవరించుకుని, తన ఫోన్‌లోని సందేశం మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి, "రాసుడైతే మంచిగనే రాసింది" అన్నారు. మొదట నవ్వింది మా అత్తమ్మ. ఆ తర్వాత మామయ్య. ఏడవాలో నవ్వాలో తేలక నేను రెండూ చేశాను.

సాయంత్రం దాకా ఆగకుండా మేనేజరమ్మకు నేనే ఫోన్ చేశాను. దాచుకోవచ్చు, ఎవరికి తెలుస్తుంది అనిపించకపోలేదు. కాని పొద్దున ఆ మనిషి పచ్చ బటన్ ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం చూశాక దాచబుద్ధి కాలేదు. తాళంచెవి సంగతి, బిర్యానీ సంగతి మొత్తం చెప్పేశాను.

"అంటే, ఏజెంట్ రాసినదాన్ని ఏజెంటే ఆమోదించుకుంటోందా అండీ?" అంది మెల్లగా.

"అవును మేడం. నేను రాసిన పద్ధతిలో చేస్తే అంతే."

"మాలో ఎవరం పట్టుకోలేదండి. అందరం ఆ బటన్ టక్కున నొక్కేశాం." అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "రేపు పదకొండింటికి అంకుల్‌గారితోనే ఇంకోసారి చూద్దాం. అయితే ఇదే ఆఖరండి. మాన్యువల్ మార్చి ఉంచండి."

ఆ రోజు కూర్చుని మూడో మెట్టూ ఏడో మెట్టూ తిరగరాశాను. ఏజెంట్‌కి ఒక తాళంచెవి. దాంతో రాయడమే, ప్రచురించడం కుదరదు. రెండోది మనిషి చేతిలో. అదీ ఆ పేజీ రాయించిన మనిషి కాకుండా వేరే మనిషి చేతిలో. ఆ మనిషి చదివి, సంగతి నిజమో కాదో తన కళ్లతో చూసి, అప్పుడు ఆమోదించాలి. ఇన్ని నెలలుగా తోచని ముక్కలు ఆ రోజు చేతిలోంచి వాటంతట అవే వచ్చాయి. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రేపు ఓడిపోయినా ఫరవాలేదు, మంచి మాన్యువల్ రాశాననిపించింది. ఆ వెంటనే ఓడిపోతే హైదరాబాద్ అని గుర్తొచ్చి మాన్యువల్ మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను.

ఇటు ఇంట్లో మా అత్తమ్మ ఇంకో రంగంలోకి దిగింది. పొరపాటు జరిగిందని మామయ్య ఫోన్లు చేస్తుంటే, అవతలివాళ్లు సరేనంటూనే, "అయినా వస్తంలే, ఒకసారి బిర్యానీ అన్నంక ఇంట్ల ఎట్ల కూసుంటం" అంటున్నారట. "ఇంటికాడికి వచ్చినోళ్లను ఉత్తగ పంపుతమా?" అని అత్తమ్మ కొంగు బిగించింది. మర్నాడు పొద్దున్నే క్లబ్బు వెనక రాళ్ల పొయ్యి వెలిగింది. ఒకరు బియ్యం తెచ్చారు, ఒకరు కోళ్లు, ఒకరు ఇంటి పెరుగు. రైలు టికెట్ల అక్క ఉల్లిగడ్డలు కోస్తూ, "నీ మిషన్ మంచి పని చేసిందే, మస్తు రోజులైంది అందరం కలిసి" అంది. కాని మా అత్తమ్మ నమ్ముకున్న వంట మనిషి నస్పూర్‌లో పెళ్లికి వెళ్లాడు. అంతమందికి బిర్యానీ దమ్ పెట్టడం ఎవరికీ చేతకాదు. ఉన్నవాళ్లు తమకు వచ్చింది చేశారు.

పదకొండింటికి క్లబ్బు గదిలో ల్యాప్‌టాప్ చుట్టూ జనం. తెర మీద మేనేజరమ్మ ఆ జనాన్ని చూసి కొంచెం జంకినట్టుంది. నేను మళ్లీ స్టూలు మీద. మా మామయ్య మొదటినుంచి మొదలుపెట్టారు. ఏజెంట్‌తో కొత్త పేజీ రాయించారు. నిన్నటి ప్రకటన పొరపాటున వచ్చిందని, అయినా వచ్చినవారందరికీ క్లబ్బులో బిర్యానీ వడ్డిస్తున్నామని, మధ్యాహ్నం నుంచి క్యారమ్ పోటీలని. ఏడో మెట్టు చదివి వెనక్కి తిరిగి, "బావా, రా. నీ డ్యూటీ" అని పిలిచారు.

వచ్చినాయన మామయ్యకు వరసకు బావేం కాదు. మామయ్య షిఫ్టు దిగితే తర్వాతి షిఫ్టు ఎక్కే సర్దార్ ఆయనే. ఇప్పుడు క్యారమ్ బోర్డు దగ్గర ఆగర్భ శత్రువు. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. వచ్చి, మాన్యువల్‌లో ఏడో మెట్టు వేలు పెట్టి చదువుకున్నారు. పేజీ చదివారు. 'తన కళ్లతో చూసి' అన్నచోట ఆగారు. ఏమీ అనకుండా లేచి బయటికి నడిచారు.

జనం పక్కకు తప్పుకున్నారు. ఆయన క్లబ్బు వెనక పొయ్యి దగ్గరికి వెళ్లి, పెద్ద గంజు మీది మూత ఎత్తి లోపలికి తొంగి చూశారు. రెండో గంజు మూత ఎత్తారు. మూతలు పెట్టేసి, అదే నడకతో తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"సంతకం పెట్టను."

"ఏమైంది బావా?" అన్నారు మామయ్య.

"పేజీల బిర్యానీ అని ఉన్నది. గంజుల ఉన్నది బగారన్నం, కోడికూర. ముక్క అన్నంల లేదు, బయట ఉన్నది. చూడని మాట రాసినవ్."

గదిలో లేచిన నవ్వుకు క్యారమ్ బోర్డు మీది కాయిన్లు కూడా కదిలి ఉంటాయి. గుమ్మంలోంచి మా అత్తమ్మ, "తినేటప్పుడు అన్ని కడుపులనే కలుస్తయి, పెట్టరాదయ్యా!" అంది. ఆయన వినలేదు. మామయ్య కూడా బతిమాలలేదు. ఎంతో మర్యాదగా ఆరో మెట్టుకు తిరిగి వెళ్లి, బిర్యానీ తీయించి, 'బగారన్నం, కోడికూర' అని రాయించారు. బావగారు మళ్లీ మొదటినుంచి చదివారు. అప్పుడు తన చేతిలోని తాళంచెవి అతికించి, చూపుడువేలితో పచ్చ బటన్ నొక్కారు.

గది నిండా ఫోన్లు టింగుమన్నాయి. ఇంకా సగానికి పైగా సమయం మిగిలింది.

తెర మీద మేనేజరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "ఇకనుంచి అన్ని భాషల మాన్యువల్‌లోనూ ఏడో మెట్టు మీరు రాసినట్టే ఉంటుందండి," అంది. "మీరు ఎక్కడికీ రావక్కర్లేదు. అక్కడే ఉండండి. నేనే ఒకసారి వస్తాను, ఆ బగారన్నం తినడానికి."

నేను స్టూలు మీంచి లేచి ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎగిరానని మా ఆయన అంటాడు. అత్తమ్మ మెడ చుట్టూ చేతులు వేశాను, అంతవరకు తెలుసు. ఆమె చేతికి ఉన్న మసాలా నా కొత్త జాకెట్‌కు అంటింది. ఇప్పటికీ పోలేదు.

అందరూ వరండాలో బారుగా కూర్చున్నారు. నేను గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాను. మా మామయ్య విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆయన తలెత్తి, "ఇగ పోవుడు లేదు గదా హైదరాబాద్?" అన్నారు.

గరిటె గంజులో పెట్టేశాను. "మీకెట్ల తెల్సు మామా?"

"ఆమె నీకు చెప్పిన్నాడే తెల్సు. గా గోడకు ఇవతల కూసొని పేపర్ చదువుతున్న, చెవులు లేవా నాకు? మీ అత్తకు గూడ చెప్పలే, రెండు రోజులు నాకు ముద్ద దిగలే."

"మరి నిన్న తెల్సి గూడ నొక్కలేదా?"

ఆయన అన్నం కలుపుతూనే చెప్పారు. "నొక్కితే నువ్వు ఈడనే ఉందువు. అది మాకు మస్తు సంతోషం. కాని బిడ్డా, తప్పు సంతకం మీద నిన్ను ఇంట్ల ఉంచుకుంటే, అది నీ పని ఎట్లయితది? పోతే పోదువు. నీ ఎంబడి మేమిద్దరం గూడ వస్తుంటిమి, గంతే."

పక్క విస్తరిలో కూర్చున్న బావగారు తల ఊపారు. నేను, వద్దంటున్నా వినకుండా, మామయ్య విస్తరిలో ఇంకో రెండు ముక్కలు వేశాను.